నాగలికి పాఠం చెప్పిన పేడపురుగు

రైతన్నలూ, తడి రేగడిలో నాగలికి మట్టి అంటుకుంటే ట్రాక్టరు ఎంత మూలుగుద్దో మీకు తెలిసిందే. అమెరికాలోని ఇల్లినాయిస్ రైతులదీ ఇదే బాధ. అక్కడి జిగట నేలలో పోత ఇనుప నాగళ్ళు సాగక, 1837లో జాన్ డీర్ అనే కమ్మరి రంపపు ఉక్కు వాడి నున్నటి నాగలి చేశాడు. మట్టి జారిపోయింది. అప్పట్నుంచి నాగలంటే నున్నగా ఉండాలనే లెక్క.

ఆ లెక్కని పేడపురుగు మార్చింది. చైనాలో జిలిన్ విశ్వవిద్యాలయం వాళ్ళు దాన్ని పరిశీలించారు. పేడలో, మట్టిలో తిరిగినా దాని తలకి ఏదీ అంటదు. కారణం నునుపు కాదు, సన్నని బొడిపెలు! మట్టి వాటి మీదే ఆనుద్ది, మధ్యలో గాలి దూరి తడి పట్టు తెగుద్ది. అలాంటి బొడిపెలు పెట్టిన నాగలి రెక్కని లాగడానికి తక్కువ బలం సరిపోయింది. బలం తగ్గితే డీజిల్ మిగిలినట్టే.

ఈసారి దుక్కిలో పేడపురుగు కనబడితే కాస్త ఆగి దాని తల చూడండి.