గటుక కూలి, గుండు మట్టం

"యూత్ మీటింగుల మాట్లాడాలె తాతా, పని మంచిగ చేసుడు గూడ భక్తే అని చెప్పాలె, నాలుగు ముక్కలు చెప్పు" అని అడుగుతవు. నాలుగు ముక్కల్ల చెప్పుడు నాకు రాదు బిడ్డా. చెప్పేటోనికి వినేటోడు లోకువంటరు, ఇయ్యాల నువ్వు నాకు దొరికినవు. ఆ ఫోను అవుతల పెట్టి కూసో. బ్యాటరీ అయిపోతే అయిపోనీ, నా బ్యాటరీ ఇంక ఉన్నది.

మొదలు మా చిన్నప్పటి దర్జీ ముచ్చట. పేరెందుకులే. అప్పుడు మన కొండపాక కాడ గిట్ల నాలుగు వరుసల రాజీవ్ రహదారి యాడిది? ఎడ్లబండి పక్కకు జరిగితేనే బస్సు ముందుకు పోయేది. ఆ దర్జీ పాటకు పెట్టింది పేరు. ఆదివారం మందిరంల కీర్తన ఎత్తుకున్నడంటే బయట పోయేటోళ్ళు గూడ నిలవడి ఇనేటోళ్ళు. కని అంగీ గుట్టిండంటే చంక కాడ కుట్టు వారం ఆగకపోయేది. కుట్టుకూలి ఎనిమిదణాలు. అణాలంటే నీకేం తెలుసు? పదహారణాలైతే రూపాయి. 1957ల నయాపైసలొచ్చినయి గని మా అవ్వ చచ్చేదాక అణాల్లనే లెక్క జేసింది. అంతకు ముందు నిజాం హాలీ సిక్కా నడిచేది. ఇంగ్లీషోళ్ళ రూపాయిని కల్దారనేటోళ్ళు. ఏడు హాలీలిస్తే సుమారు ఆరు కల్దార్లొచ్చేవి. ఆ లెక్క తెల్వక ఎంతమంది మోసపోయిండ్రో, అది ఇంకో రోజు చెప్త. యాడున్నం? ఆ, దర్జీ.

"ఏందయ్యా గిట్ల గుట్టినవు?" అంటే, "ప్రభువు సేవల తిరుగుడుతోటి తీరిక దొరకలే" అనేటోడు. మా నాయిన నోరు ఊకుండదు గద. "ఆ ప్రభువు బోధకు ఎల్లే ముందట ముప్పై ఏండ్ల దాక వడ్లపనోళ్ళ ఇంట్లనే ఉన్నడు. ఆయన చేసిన నాగలి గిట్లనే నడి చాలుల ఇరిగితే నజరేతుల మల్ల ఎవలన్న పని చెప్పేటోళ్ళా?" అన్నడు. దర్జీ నవ్విండు. అంగీ తీస్కపోయి మల్ల గుట్టిండు. అది గూడ వారమే ఆగింది, అది వేరే సంగతి.

పాట అంటే యాదికొచ్చింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూసినవా ఎన్నడన్నా? పాట మీద రాగమేందో, తాళమేందో రాసి ఉంటది. పురుషోత్తమ చౌధరి అని పెద్దాయన, 1803ల పుట్టి 1890ల పోయిండు, గంజాం దిక్కు కెల్లి గోదావరి దిక్కు దాక తిరిగి ఎన్నో కీర్తనలు రాసిండు. ఇంగ్లీషు పాటకు తెలుగు అంగీ తొడుగుడు గాదు, మన రాగాల్ల మన తాళాలకు కూర్చిండు. మా చిన్నతనంల పాట పెద్ద ఉండేటోడు, శనివారం పొద్దుగూకంగనే అందరిని కూసోబెట్టి తాళం తప్పినోని తొడ మీద ఒక్కటేసేటోడు. ఇప్పుడో? కీబోర్డుల ఓ మీట నొక్కుతరు, తాళం దానంతటదే కొడ్తది. "జర సాధన చెయ్యుండ్రి" అంటే "ఆత్మ నడిపిస్తది తాతా" అంటరు. నడిపిస్తది, ఎందుకు నడిపియ్యది? కని శనివారం రమ్మంటే రాని ఆత్మ ఆదివారం పొద్దున పదింటికి ఎట్లొస్తదో నాకు సమజ్ కాదు. పాట పాడైతే మైకు మంచిగ లేదంటరు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత వీళ్ళ కోసమే పుట్టింది. మొహం అట్ల పెట్టకు, నిన్ను అంటలేను. నిన్ను గూడ అంటున్న గని కొంచెమే.

ఇగ మెదకు ముచ్చట. ఇప్పుడు మనది సిద్దిపేట జిల్లా గని 2016 దాక మెదకు జిల్లానే. చార్లెస్ వాకర్ పోస్నెట్ అని ఇంగ్లండు నుంచి వెస్లియన్ మిషనరీ, 1895ల సికింద్రాబాదు కాడి తిరుమలగిరికి సిపాయిలకు బోధ చెయ్యవచ్చిండు. మరుసటేడు మెదకుకు పోయిండు. అప్పటికి అక్కడున్నది మట్టిగోడల చిన్న మందిరం. 1914ల పెద్ద గుడి పని మొదలైంది. ఏం కాలమనుకున్నవు? అవుతల యూరపుల లడాయి, ఇక్కడ వానలు లేక కరువు. బాయిలెండినయి, ఊర్లకూర్లు కూలి దేవులాడుకుంట తొవ్వ వట్టినయి. ఊకె గంజి పోస్తే తాగేటోడు తలొంచుకొని తాగాలె. పని చెప్పి తిండి పెడితే అది వాని కష్టం. ఆ మర్యాద తెలిసినోడు పోస్నెట్ అని మా వాళ్ళ మాట. పని చేసినోళ్ళల్ల క్రైస్తవులే ఉన్నరనుకోకు, ఆకలైన ప్రతోడు ఉన్నడు.

మా తాత గూడ పోయిండు. నాకు తాత అంటే నీకేమైతడో తీరికున్నప్పుడు లెక్క వేసుకో. ఇక్కడికెల్లి మెదకు దాక కాలినడక. సున్నం గానుగ కాడ ఎడ్లను తోలుడు, డంగుసున్నం మోసుడు ఆయన పని. కూలికి తిండిగింజలు, పొద్దుగాల గటుక. ఒకనాడు మేస్త్రి గుండు వదిలి చూస్తే రాళ్ళ వరుస వేలెడంత పక్కకు పోయిందట. అంత ఇప్పుమన్నడు. మా నాయినకు ఈ కథ చెప్తుంటే, నాయిన చిన్న పోరడు గద, అడిగిండట: "వంకర గట్టినా అదే గటుక, సక్కగ గట్టినా అదే గటుక. మల్ల ఇప్పుడెందుకే?" తాత ఏమన్నడు? దేవుని మహిమ కోసం అన్నడనుకుంటున్నవా? "పిచ్చోడా, ఇప్పి కట్టిందాక ఇంకో నాలుగొద్దుల గటుక" అన్నడు.

నవ్వు, నవ్వు. కని మీ మీటింగుల ఈ మాట చెప్పు, పాస్టరుగారు మొహం ముడిచినా సరే. గుడి గురించి ప్రసంగాలు చెప్పేటోళ్ళు విశ్వాసంతోటి రాళ్ళు లేచినయంటరు, ఆకలి మాట ఎత్తరు. రాయిని లేపింది ఆకలితోటి ఉన్న మనిషి. పదేండ్లు పట్టింది. ఆలస్యమైందని నువ్వంటవు, పదేండ్లు తిన్నరని మా తాత అనేటోడు.

ఇంకోటి గూడ ఉన్నది. అక్కడికెల్లి ఇంటికొచ్చినంక తాత ఇల్లు కట్టుకున్నడు. మట్టిగోడలు, తాటికమ్మల కప్పు. గుండు వదిలి, దారం గుంజి కట్టిండు. చూసినోళ్ళు నవ్విండ్రట, "గుడిసెకు గుండు మట్టమేందిరా?" అని. నవ్వనీ. కూటి కోసం కోటి విద్యలు అని పోయినోడు, కూడు తిని ఊకుండక ఆ విద్యను ఇంటికి తెచ్చుకున్నడు. దాన్ని భక్తి అంటవో, అలవాటంటవో నీ ఇష్టం. నేనైతే ఆ రెండిటిని విడదీయ.

1924 డిసెంబరు 25న గుడి తెరిచిండ్రు. వెడల్పు 100 అడుగులు, పొడుగు 200 అడుగులు, గోపురం 175 అడుగులు. అయిదు వేల మంది పట్టొచ్చంటరు. అప్పట్ల 14 లక్షలు ఖర్చయిందని చెప్తరు. నేల మీద మొజాయిక్ పరిచెటందుకు ఇటలీ నుంచి పనోళ్ళొచ్చిండ్రు. చార్మినారుకంటే ఎత్తు కావద్దని నిజాం సర్కారు అడ్డం పడ్డదని ఓ ముచ్చట ఉన్నది. మెదకుల ప్రతి చాయ హోటల్ల ఓ తీరుగ చెప్తరు, చాయ పైసలు నువ్విస్తే ఇంకింత పొడుగు చెప్తరు. నేను హామీ ఇయ్య.

నాకు ఇష్టమైనవి రంగుటద్దాల కిటికీలు. ఫ్రాంక్ సాలిస్‌బరీ అని లండన్ల పెద్ద చిత్రకారుడు, రాజుల బొమ్మలు గీసినోడు, ఆయన గూడ మెథడిస్టే. క్రీస్తు పరలోకానికి పోయేది 1927ల పెట్టిండ్రు. పుట్టుక కిటికీ 1947ల. సిలువది 1958ల. చూసినవా? మొదటిదానికి ఆఖరుదానికి నడుమ 31 ఏండ్లు. సాలిస్‌బరీకి అప్పటికి ఎనభై దాటినయి. నడుమ ఇంకో లడాయి అయింది, దేశానికి స్వతంత్రం వచ్చింది, మిషను పోయి దక్షిణ ఇండియా సంఘమయింది. కిటికీ మాత్రం దాని నిదానంల అదే వచ్చింది. నువ్వు బైకు మీద పోయి ఓ సెల్ఫీ తీస్కొని పావుగంటల తిరిగొస్తివి. ఎండ లోపలికి పడ్తుంటేనే ఆ బొమ్మలు కనబడ్తయి, రాత్రి పోతే నల్లటద్దాలే. నువ్వు రాత్రే పోయినవనుకుంట.

బైబిలు మాట ఒక్కటన్న చెప్పమంటవా? నిర్గమకాండంల బెసలేలు ఉన్నడు చూడు. దేవుని ఆత్మతోటి నిండినోడని ఒక మనిషిని పేరు పెట్టి చెప్పింది అక్కడనే మొదటిసారి. ఆయన రాజు గాదు, ప్రవక్త గాదు. బంగారం, ఇత్తడి, రాయి, కట్టె పని తెలిసిన చేతిపనోడు. మన పాస్టర్లు మోషే గురించి నెలల తరబడి చెప్తరు, బెసలేలు కాడికి వచ్చేసరికి గడియారం చూస్తరు.

పౌలు మాట గూడ అందరు చెప్తరు, ఏం చేసినా ప్రభువుకే చేసినట్టు మనసు పెట్టి చెయ్యుమన్నడని. నిజమే. కని కొలస్సయోళ్ళకు రాసిన ఆ ఉత్తరంల ఆ మాట ఎవలతోటి అన్నడో మీది లైను చదువు. దాసులతోటి అన్నడు. జీతం లేనోళ్ళతోటి. ఆ వెనకనే యజమానులకు గూడ చెప్పిండు, న్యాయంగ ఇయ్యుండ్రి, మీ మీద గూడ యజమాని ఉన్నడని. మన తెలంగాణల వెట్టిచాకిరి చూసినోళ్ళకు ఇది వేరే తీరుగ ఇనబడ్తది. దొర గడీల "బాంచన్ నీ కాల్మొక్త" అనుకుంట చేసినోళ్ళు పని చెడగొట్టలే, మంచిగనే చేసిండ్రు, ఏం మిగిలింది? అందుకే మందిరం కట్టిచ్చేటోళ్ళు "ఇది దేవుని పని అన్నా, జర తక్కువ తీస్కో" అని మేస్త్రితోటి బేరం చేస్తే నాకు ఒళ్ళు మండుతది. దేవుని పనైతే ఇంకో పది ఎక్కువియ్యాలె గద! తక్కువిచ్చి సక్కటి గోడ అడుగుడు ఏం భక్తి? పైన పటారం లోన లొటారం.

సరే, కోపం ఎందుకులే, బీపీ గోలీ ఏసుకునే యాళ్ళయింది.

మంచి పని మనోళ్ళ ఒక్కరి సొత్తని మాత్రం మీటింగుల అనకు. మన ఊర్లనే రుద్రేశ్వరుని గుడి ఉన్నది, కాకతీయుల నాటిది. ఆ రాయి చెక్కినోడు మన ప్రభువు పేరు ఇననే ఇనలే. పక్కన సిద్దిపేటల గొల్లభామ చీర నేసేటోళ్ళను చూడు. నెత్తిన చల్లకుండ పెట్టుకున్న భామ బొమ్మను ఒక్కో రంగు పోగు చేత్తోటి దూర్చి మగ్గం మీదనే పుట్టిస్తరు. చేర్యాల నకాశోళ్ళు చింతగింజల అంబలి కాసి, బట్టకు పట్టిచ్చి, ఎండబెట్టి, అప్పుడు గద బొమ్మ మొదలు పెడ్తరు. గీసేదానికంటే ముందు చేసే చాకిరే ఎక్కువ. వాళ్ళ కాడ మనమే నేర్చుకోవాలె.

జాషువా గారి ముచ్చట చెప్పకపోతే నాకు నిద్ర పట్టది. గుర్రం జాషువా, 1895ల వినుకొండల పుట్టిండు, బడిపంతులు పని చేసిండు. 'గబ్బిలం' రాసిండు, 'క్రీస్తు చరిత్ర' రాసిండు. దానికి 1964ల సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారంతటి పండితుడు స్వయంగ ఆయన కాలికి గండపెండేరం తొడిగిండు. పద్యం ఏ ఒక్క కులమోళ్ళ జాగీరు గాదని, ఆ పద్యంతోటే చూపిచ్చిండు. కని మంచిగ పని చేస్తే లోకం నెత్తిన పెట్టుకుంటదని మీ పిల్లలకు చెప్పకు, అబద్ధమైతది. అంత పద్యం రాసినోన్ని గూడ కులమడిగి పక్కన కూసోబెట్టిండ్రు. ఆయన పద్యం మాత్రం వంకర గట్టలే.

ఆ సిలువ కిటికీ పెట్టినంక నాయిన నన్ను మెదకు తోల్కపోయిండు. సిద్దిపేటల బస్సు మారినం. నేను కిటికీ చూస్తున్న, నాయిన కిటికీ దిక్కు మొహం గూడ తిప్పలే. గోడ పొంటి నడుసుకుంట, రాళ్ళ సందులు తడుముకుంట, "మీ తాత మోసిన సున్నం ఎటు దిక్కుంటదిరా?" అని నన్ను అడుగుతడు. నాకేం ఎరుక? గుడి చుట్టు తిరిగినం, మల్ల తిరిగినం. ఆఖరు బస్సు వెళ్ళిపోయింది. రాత్రి అక్కడనే తుండుగుడ్డ పరుచుకొని పండుకొని తెల్లారి ఇల్లు చేరితే మా అమ్మ కడప కాడనే నిలవడ్డది. "గోడకు చెయ్యి పెడితే కడుపు నిండిందా తండ్రి కొడుకులకు?" అని గయ్యిమన్నది. మేం సప్పుడు చెయ్యలే. రెండు గిన్నెల్ల గటుక పోసి, మజ్జిగ లేదు పొమ్మన్నది.