కొన్న వస్తువు పాడైతే ఏం చేయాలి?

బెంటన్‌విల్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బిల్లులు చూస్తూ పెరిగాం కదా! 1950లో సామ్ వాల్టన్ కొట్టు తెరిచిన ఈ ఊళ్ళో వాపసు మామూలు విషయం. వాల్‌మార్ట్‌లో చాలా వస్తువులకు 90 రోజులు, ఎలక్ట్రానిక్స్‌లో ఎక్కువ వాటికి 30 రోజులు గడువు.

మనసు మారితే వెనక్కి తీసుకోవాలన్న ఫెడరల్ చట్టం మాత్రం లేదు, అది దుకాణం మర్యాద. పాడైన సరుకు సంగతి వేరు. వ్యాపారి అమ్మింది మామూలు వాడకానికి పనికిరావాలని ఆర్కాన్సా చట్టమే చెబుతోంది, "ఉన్నది ఉన్నట్టు" అని ముందే చెప్పి అమ్మితే తప్ప.

నేను కొన్న బ్లెండర్ వారానికే కాలిపోయింది. రసీదు చూపినా ఆ కొట్టువాళ్ళు "తయారీ కంపెనీకి ఫోన్ చేసుకోండి" అన్నారు. మేనేజర్‌ని పిలిపించి, క్రెడిట్ కార్డువాళ్ళకి రాస్తానన్నాక మార్చి ఇచ్చారు. అది ఉత్త బెదిరింపు కాదండీ. 1974 నాటి చట్టం ప్రకారం, 50 డాలర్లు దాటిన సరుకు మన రాష్ట్రంలో గానీ ఇంటికి 100 మైళ్ళ లోపు గానీ కొని ఉంటే, ముందు దుకాణంతో మాట్లాడి చూశాక, ఇంకా కట్టని బాకీని ఆపవచ్చు. డెబిట్ కార్డుకి ఈ సౌకర్యం లేదు.

ఇండియా తీసుకెళ్ళే కెమెరాలు, లాప్‌టాప్‌లు ప్రయాణానికి రెండు వారాల ముందే కొని, పెట్టె విప్పి వాడి చూడండి.