అక్షరాల పక్కన అంకెలు చేరాక

ఫ్రాన్స్ టెలివిజన్‌లో 1965లో అర్మాన్ జామో ఒక మాటలాట మొదలుపెట్టాడు. దాని పేరు ‘అతి పొడవైన మాట’. కొన్ని అక్షరాలు ఎదురుగా పెడతారు, వాటితో ఎవరు పెద్ద మాట కూర్చితే వారిది గెలుపు. అందులో పెద్ద కొత్తదనం లేదు. అక్షరాలు పేర్చి మాటలు కట్టే సరదా అప్పటికే ఇళ్లలో ఉంది. అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ బట్స్ 1930లలో రూపుదిద్దిన ఆట స్క్రాబుల్ పేరుతో సముద్రాలు దాటేసింది కూడా. అసలు మలుపు 1972లో వచ్చింది. ఆ ఏడాది జామో ఆటకు లెక్కల రౌండు తోడైంది, పేరు ‘అంకెలు, అక్షరాలు’ అయింది. ఆ జోడీ ఫ్రాన్స్‌లో 2024 దాకా నడిచింది. బ్రిటన్‌లో ‘కౌంట్‌డౌన్’ పేరుతో ఇంకా నడుస్తూనే ఉంది. ఇంతకాలం ఇన్ని లక్షలమందిని పట్టి ఉంచిన బలం ఆ జోడింపులోనే ఉందని, మాటలు ఒక్కటే అయితే ఇంత దూరం వచ్చేది కాదని నా నమ్మకం.

మాటల పోటీలో అందరూ ఒకచోట నుంచి బయలుదేరరు. ఎక్కువ చదివినవాడు ముందే నాలుగడుగులు ముందుంటాడు. లెక్కల రౌండుకు కావలసింది ప్రాథమిక పాఠశాలలో నేర్చిన కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం మాత్రమే. 1 నుంచి 10 దాకా రెండేసి చొప్పున 20 చిన్న సంఖ్యలు, వాటికి తోడు 25, 50, 75, 100 ఉంటాయి. అందులోంచి ఆరు తీస్తారు. యంత్రం ఒక మూడంకెల సంఖ్య చూపిస్తుంది. ఒక్కో సంఖ్యను ఒక్కసారే వాడుతూ దాన్ని చేరుకోవాలి. బ్రిటన్‌లో అందుకు ఇచ్చే గడువు 30 సెకన్లు. 1997లో కౌంట్‌డౌన్‌లో 25, 50, 75, 100, 3, 6 వచ్చాయి, చేరవలసింది 952. వందకు ఆరు కలిపితే 106. డెబ్బై అయిదును ఇరవై అయిదుతో భాగిస్తే 3, దాన్ని చేతిలో ఉన్న 3తో హెచ్చిస్తే 9. నూటారు తొమ్ములు 954. ఇంకా రెండు తగ్గాలి. యాభైని ఇరవై అయిదుతో భాగిస్తే ఆ రెండు వస్తుంది కానీ 25 అప్పటికే ఖర్చయిపోయింది. ఆ రోజు ఆటగాడు భాగహారాన్ని చివరిదాకా వాయిదా వేశాడు. 106ను 3తో, తర్వాత 75తో హెచ్చించి 23,850 దాకా వెళ్లాడు, అందులోంచి 50 తీసేశాడు, మిగిలిన 23,800ను 25తో భాగించాడు. సరిగ్గా 952. బడిలో నేర్పని గణితం ఇందులో ఒక్క ముక్క లేదు. ఉన్నదల్లా ఒకే భాగహారంతో రెండు పనులు చేయించిన సూక్ష్మబుద్ధి. దీన్ని చూసి ముచ్చటపడనివారికి ఈ ఆట మీద మమకారం ఎందుకు పుడుతుందో చెప్పడం కష్టం.

ఇదంతా బట్టీ విద్య అని పెదవి విరిచేవారున్నారు. వారి వాదనకు బలమైన ఆధారమే ఉంది. న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. ఆయనకు ఫ్రెంచి మాట్లాడటం రాదు. అర్థంతో పనిలేకుండా మాటల పట్టికను మనసుకెక్కించుకుని గెలిచాడు. అది అసాధారణ ధారణ, అందులో సందేహం లేదు. అయితే మాటల పోటీ శిఖరానికి చేరేసరికి భాష పక్కకు తప్పుకుంటుందన్న మాటా అంతే నిజం. లెక్కల రౌండు అవసరం సరిగ్గా ఇక్కడే తెలుస్తుంది. అంకెల కూర్పులన్నిటినీ ముందే బట్టీ పట్టి రావడం అయ్యేపని కాదు. సాధన వేగాన్నిస్తుంది, మెలకువలు నేర్పుతుంది, కానీ ఎదురుగా వచ్చిన ఆరు సంఖ్యలతో అప్పటికప్పుడు తలపడక తప్పదు.

మాటనూ అంకెనూ ఒకే ఆసనం మీద కూర్చోబెట్టడం తెలుగువారికి వింత కాదు. అష్టావధానంలో సమస్యాపూరణం, దత్తపది, నిషిద్ధాక్షరి నడుస్తుండగానే ఘంటాగణనమూ ఉంటుంది. పద్యం కడుతూనే మోగిన గంటలన్నీ లెక్క తప్పకుండా చెప్పాలి. పుట్టుకలో అవధానానికీ జామో ఆటకూ చుట్టరికం లేదు, స్వభావంలోనూ ఒక పెద్ద తేడా ఉంది. అవధానంలో బరువంతా అవధానిది. పృచ్ఛకులు అడుగుతారు, సభ విని ఆనందిస్తుంది. జామో ఆటలో చూసేవాడు కూడా ఆడతాడు. అవే అక్షరాలు, అవే అంకెలు, అదే గడియారం. పోటీదారుకు తట్టనిది ఇంట్లో కూర్చున్న అమ్మమ్మకు తట్టవచ్చు.

బెల్జియంలో పుట్టిన మార్సెల్ స్టెల్‌మన్ ఈ ఆటను బ్రిటన్‌కు తెచ్చాడు. మొదట యార్క్‌షైర్ ప్రాంతానికే పరిమితంగా పరీక్షించి చూశారు. 1982 నవంబరు 2న ఛానల్ 4 ప్రారంభమైనప్పుడు దానిలో వచ్చిన మొట్టమొదటి కార్యక్రమం కౌంట్‌డౌనే. జనాన్ని కట్టిపడేసింది వ్యాఖ్యాతల చలాకీతనమేనని కొందరంటారు. రిచర్డ్ వైట్లీ, కరోల్ వార్డర్‌మన్‌ల వాటా కాదనలేం. కానీ వైట్లీ 2005లో కన్నుమూశాడు, వార్డర్‌మన్ 2008లో తప్పుకుంది, ఆట ఆగలేదు. పోనీ బహుమతి ఆశా? ఆట గెలిచినవారి చేతికొచ్చేది ఒక టీపాట్. డబ్బు కోసమైతే ఎవరూ అంత దూరం రారు. వారిని రప్పించేది ఆట మీది మమకారమే. ఫ్రాన్స్‌లో బెర్‌ట్రాన్ రెనార్ మొదట పోటీదారుగా ఆడి గెలిచాడు. 1975లో లెక్కల నిర్ణేతగా చేరి 2022 దాకా అక్కడే ఉన్నాడు.

కంప్యూటర్ చిటికెలో తేల్చే లెక్క కోసం మనిషి తల బద్దలు కొట్టుకోవడం దేనికన్న ప్రశ్న ఒకటి మిగిలింది. ఆరు సంఖ్యల కూర్పులన్నీ వెతకడం యంత్రానికి పనే కాదు, నిజం. అది అన్నిటినీ వెతుకుతుంది. మనిషికి 30 సెకన్లలో అన్నీ వెతికే వీలు లేదు కనుక ఏ దారి వదిలేయాలో ముందు ఎంచుకుంటాడు. 954 దగ్గర ఆగి, రెండు తేడా సరే, ఐదులోపు తేడాకు వచ్చే 7 మార్కులు చాలుననుకోవాలా, ఉన్న కూర్పు మొత్తం చెరిపేసి సరిగ్గా 952 చేరితే వచ్చే 10 కోసం మళ్లీ మొదలుపెట్టాలా అని గడియారం ముల్లు కదులుతుండగానే తేల్చుకోవాలి.