బోన్సాయ్ - బౌద్ధం

లోతులేని తొట్టిలో చెట్టును పొట్టిగా పెంచే కళ బోన్సాయ్. పుట్టిల్లు చైనా; అక్కడ దాని పేరు పెన్‌జింగ్. బౌద్ధ భిక్షువుల రాకపోకలతో జపాన్ చేరి, జెన్ మఠాల ఆదరణతో ఎదిగింది. 1309 నాటి కసుగా గొంగెన్ చిత్రపటాల్లో పళ్ళెంలోని చిన్న చెట్లు కనిపిస్తాయి.

బౌద్ధంలో చెట్టు మీది భక్తి ఇంకా పాతది. అమరావతి శిల్పులు బుద్ధుడికి గుర్తుగా బోధివృక్షాన్ని చెక్కారు. ఉత్తరాంధ్రలోని రాజాంకు తూర్పున, శ్రీకాకుళం దాటాక వంశధార గట్టునున్న శాలిహుండంలో స్తూపాలు, బౌద్ధ దేవతలైన తార, మారీచిల విగ్రహాలు బయటపడ్డాయి. ఈ ప్రాంతంలో బోన్సాయ్ మొదలుపెట్టేవారికి ఆ బోధివృక్షమైన రావినే ఎంచుకోవడం సబబు. గోడ పగుళ్లలో మొలిచిన మొక్కను వేళ్లతో సహా తీసి, తల్లివేరు కత్తిరించి, ఇసుక కలిపిన మట్టిలో నాటాలి. ఎండ తగలనివ్వాలి, చీకటి గదిలో ఉంచితే ఆకు రాలుస్తుంది.