భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్: డెబ్బై అయిదేళ్లు

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950 నవంబరు 7న ఏర్పడింది. అప్పటికే స్కౌటింగు మన దేశానికి వచ్చి నలభై ఏళ్లు దాటింది. ఆ నలభై ఏళ్లలో స్కౌటు సంఘాలకు కొదవ లేదు, వాటి మధ్య పొత్తే కుదరలేదు. స్కౌటుగా ప్రతిజ్ఞ చేసే పిల్లవాడు ఎవరికి విధేయుడినని చెప్పాలి, ఇంగ్లండు రాజుకా, తన దేశానికా అన్న ప్రశ్న దగ్గరే అవి విడిపోయాయి. ఆ ప్రశ్నకు జవాబు దొరికాక గాని దేశమంతటికీ ఒకే సంస్థ రాలేదు.

ఉద్యమానికి మూలపురుషుడు బ్రిటిష్ సైనికాధికారి రాబర్ట్ బేడెన్ పవెల్. యువకుడిగా ఆయన తొలి కొలువు చేసింది భారతదేశంలోనే. దక్షిణాఫ్రికాలోని మాఫికెంగ్ ముట్టడి సమయంలో కబుర్లు మోసే పనికి పెట్టిన కుర్రాళ్లు ఎంత బాధ్యతగా మెలిగారో ఆయన కళ్లారా చూశాడు. నమ్మి పని అప్పగిస్తే పిల్లలు పెద్దల్లా నిలబడతారన్న నమ్మకం ఆయనకు బలపడింది. 1907 ఆగస్టులో బ్రౌన్‌సీ ద్వీపంలో కొద్దిమంది బాలురతో ప్రయోగంగా శిబిరం నడిపాడు. మరుసటి ఏడాది వెలువడిన ‘స్కౌటింగ్ ఫర్ బాయ్స్’ పుస్తకం చదివి ఊరూరా కుర్రాళ్లు తమంతట తామే దళాలు కట్టుకున్నారు.

ఆ గాలి 1909లో మన దేశాన్ని తాకింది. కెప్టెన్ టి.హెచ్. బేకర్ బెంగళూరులో తొలి దళాన్ని ప్రారంభించాడు. కిర్కీ, జబల్‌పూర్, మద్రాసు, బొంబాయి లాంటి చోట్లా దళాలు వెలిశాయి. వాటిలో యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ బాలురకే చోటు. జాడ పట్టడం, సంకేతాలు పంపడం, అడవిలో దారి వెతుక్కోవడం భారతీయ బాలురకు నేర్పితే రేపు అవే విద్యలు తమ మీదే తిప్పుతారేమోనని పాలకుల జంకు. వంగ విభజన తరవాత విప్లవ సంఘాలు రహస్యంగా పనిచేస్తున్న రోజులవి.

వద్దన్నా విద్య ఆగలేదు. 1913లో మధ్య పరగణాల్లో వివియన్ బోస్ భారతీయ బాలురతో దళం నడిపాడు. ఈయనే తరవాతి కాలంలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యాడు. ఇంచుమించు అదే సమయంలో షాజహాన్‌పూర్‌లో శ్రీరామ్ బాజ్‌పాయి మరో దళం ఏర్పరచాడు. 1916లో అనీ బీసెంట్, జి.ఎస్. అరండేల్ మద్రాసులో ఇండియన్ బాయ్ స్కౌట్స్ అసోసియేషన్ స్థాపించారు. వారి స్కౌట్లు టోపీకి బదులు తలపాగా చుట్టేవారు. అలహాబాదులో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, బాజ్‌పాయి కలిసి సేవా సమితి స్కౌటు సంఘాన్ని నిలబెట్టారు. ఇతరులు శిబిరాలకూ ఆటలకూ పెద్దపీట వేస్తే, సేవా సమితి కుంభమేళా జనసందోహంలో తప్పిపోయిన ముసలివాళ్లను, పిల్లలను వెతికి అప్పగించే పనికి దిగింది. స్కౌటింగు భారతీయమైంది ఇక్కడే అనడం అతిశయోక్తి కాదు.

1921లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆహ్వానం మీద బేడెన్ పవెల్ దంపతులు వచ్చారు. విడివిడి సంఘాలన్నీ ఒకటి కావాలని ప్రయత్నం జరిగింది. బీసెంట్ తన సంఘాన్ని బ్రిటిష్ వారి బాయ్ స్కౌట్స్ అసోసియేషన్‌లో విలీనం చేసింది. సేవా సమితి చేరలేదు. రాజు పట్ల విధేయత ప్రతిజ్ఞలో ఉన్నంతకాలం జాతీయవాదులు అందుకు సిద్ధంగా లేరు. 1937లో ఢిల్లీలో జరిగిన జంబోరీకి, అంటే స్కౌట్ల మహామేళాకు, బేడెన్ పవెల్ మళ్లీ వచ్చాడు. ఆ తరవాత భారతీయుల శీలాన్ని చిన్నబుచ్చే మాటలు ఆయన రాశాడన్న వార్త దేశమంతా దుమారం రేపింది. చాలామంది అసోసియేషన్ విడిచి బయటికి వచ్చారు. వారూ సేవా సమితి వారూ కలిసి 1938లో హిందుస్థాన్ స్కౌట్ అసోసియేషన్‌గా ఏర్పడ్డారు. బాలబాలికలిద్దరినీ ఒకే గొడుగు కిందికి తెచ్చిన సంఘం అది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో రెండు పెద్ద స్కౌటు సంఘాలు ఎదురెదురుగా నిలిచాయి.

బాలికల ఉద్యమం ఈ కలహాలకు దూరంగా సాగింది. 1911లో జబల్‌పూర్‌లో తొలి గైడ్ కంపెనీ, అంటే బాలికల దళం, మొదలైంది. 1916లో అఖిల భారత స్థాయి సంఘం ఏర్పడింది. 1928లో ప్రపంచ గైడ్ల సంఘం పుట్టినప్పుడు వ్యవస్థాపక సభ్య దేశాల్లో భారతదేశం ఒకటి. అప్పటికి మన ఊళ్లలో ఆడపిల్లను బడికి పంపడమే గొప్ప. ఇల్లు వదిలి గుడారంలో పడుకోవడం, సైకిలు తొక్కడం, గాయానికి కట్టు కట్టడం ఆ ఇళ్లకు చిన్న సంగతులు కావు.

స్వతంత్ర భారతంలో రెండు స్కౌటు సంఘాలకు అర్థం లేదని విద్యామంత్రి మౌలానా ఆజాద్ భావించాడు. ఆజాద్, మంగళ్‌దాస్ పక్వాసా, కుంజ్రూ, వివియన్ బోస్ చొరవ తీసుకోగా, కేంద్ర విద్యాశాఖ కార్యదర్శి డాక్టర్ తారాచంద్ విలీనానికి తుదిరూపం ఇచ్చాడు. 1950 నవంబరు 7న స్కౌటు సంఘాలు కలిశాయి. 1951 ఆగస్టు 15న గర్ల్ గైడ్స్ అసోసియేషన్ వచ్చి చేరింది. కుంజ్రూ తొలి జాతీయ కమిషనర్. బిరుదులకు వ్యతిరేకిగా రాజ్యాంగ సభలో నిలిచిన ఈయన తరవాత భారతరత్న ఇస్తామన్నా వద్దన్నాడు.

పాత పేచీకి కొత్త ప్రతిజ్ఞ తెరదించింది. దేవుడి పట్ల, దేశం పట్ల విధి నిర్వర్తిస్తానని, ఇతరులకు సాయపడతానని, స్కౌటు నియమాన్ని పాటిస్తానని స్కౌటు ఇప్పుడు మాట ఇస్తాడు. ఇష్టమైతే దేవుడనే చోట ధర్మం అనవచ్చు. నియమంలో తొమ్మిది అంశాలున్నాయి. బేడెన్ పవెల్ రాసినదాంట్లో ‘ఆజ్ఞలు పాటించడం’ ఉండగా, భారతీయ నియమంలో క్రమశిక్షణ, దాని పక్కనే ప్రజల ఆస్తిని కాపాడటం కనిపిస్తాయి. జంతువుల పట్ల స్నేహానికి ప్రకృతి ప్రేమ తోడయింది. ఆజ్ఞాపాలన కంటే పౌరధర్మానికి బరువు పెంచిన ఈ మార్పు, విలీనం అంత ముఖ్యమైనదే.

వయసును బట్టి శాఖలు. పదేళ్లలోపు అబ్బాయిలు కబ్‌లు, అమ్మాయిలు బుల్‌బుల్‌లు. పది దాటితే స్కౌట్లు, గైడ్లు. ఆ పై యువకులు రోవర్లు, యువతులు రేంజర్లు. ఇరవై అయిదు వరకు ఉండవచ్చు. బడి ఈడు రాని పసివాళ్లకు బన్నీల విభాగం తరవాత వచ్చి చేరింది.

స్కౌటింగుకు ప్రాణం ప్యాట్రోల్ పద్ధతి. ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లలు ఒక ప్యాట్రోల్. దానికి వారిలోనుంచే ఒక లీడరు. నాలుగు ప్యాట్రోళ్లకు మించకుండా ఒక ట్రూపు, అంటే ఎక్కువలో ఎక్కువ 32 మంది. స్కౌట్ మాస్టర్ గాని గైడ్ కెప్టెన్ గాని ప్రతి పిల్లవాడి మీదా కేకలు వెయ్యకూడదు, లీడర్లతో మాట్లాడి పని వారికి వదిలెయ్యాలి. ఏం వండాలి, గుడారం ఎక్కడ వెయ్యాలి, తగువు వస్తే ఎవరు సర్దుకోవాలి అన్నది పిల్లలే తేల్చుకుంటారు. అన్నం మాడితే మాడిన అన్నమే తింటారు. ఈ పద్ధతి లేని చోట యూనిఫాం, విజిలు, కవాతు ఎంత ఉన్నా అది డ్రిల్లు పీరియడ్ అవుతుందే తప్ప స్కౌటింగు అనిపించుకోదు.

చదువు మెట్లుమెట్లుగా సాగుతుంది. ప్రవేశ్ తరవాత ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, రాజ్య పురస్కార్, చివరిగా రాష్ట్రపతి పురస్కారం. రీఫ్ నాట్, క్లోవ్ హిచ్, బౌలైన్ లాంటి ముడులు, దిక్సూచి, ప్రథమ చికిత్స, గిన్నెలు లేకుండా వంట, కర్రలూ తాళ్లతో వంతెన కట్టడం, కాలినడకన హైక్ ఈ మెట్లలో ఒక్కొక్కటిగా వస్తాయి. సాయంత్రం క్యాంప్‌ఫైర్ దగ్గర పాటలు, చిన్న నాటికలు. ఎడమ చేత్తో కరచాలనం, మూడు వేళ్ల సెల్యూట్ ప్రపంచమంతటి స్కౌట్లకూ ఉమ్మడి గుర్తులు.

నాయకులను తయారుచేసే ప్రధాన కేంద్రం మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీ. సాత్పురా కొండల్లో ఉన్న ఈ జాతీయ శిక్షణ కేంద్రంలో బేసిక్, అడ్వాన్స్‌డ్ కోర్సులు దాటినవారు హిమాలయ వుడ్ బ్యాడ్జ్ దాకా వెళ్తారు. జాతీయ ప్రధాన కార్యాలయం న్యూఢిల్లీలోని లక్ష్మీ మజుందార్ భవన్. దీర్ఘకాలం జాతీయ కమిషనర్‌గా పనిచేసిన లక్ష్మీ మజుందార్ పేరే ఆ భవనానికి పెట్టారు. పుణెలో 1966లో ప్రారంభమైన ‘సంగమ్’ ప్రపంచ గైడ్ల కేంద్రాల్లో ఒకటి.

దేశమంతటి స్కౌట్లు, గైడ్లు ఒకచోట చేరే పండగ జాతీయ జంబోరీ. విలీనం తరవాత మొదటిది 1953లో హైదరాబాద్‌లో జరిగింది. కొత్త సంస్థ తొలి జంబోరీకి మన నగరం వేదిక కావడం తెలుగువారికి చెప్పుకోదగిన సంగతి. 17వది 2016 చివర మైసూరు వద్ద, 18వది 2023 జనవరిలో రాజస్థాన్‌లోని పాలీ జిల్లాలో జరిగాయి. పాలీలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ప్రారంభించారు. వజ్రోత్సవ సందర్భంగా 2025 జనవరి చివరి వారం నుంచి తమిళనాడులోని తిరుచిరాపల్లి దగ్గర మణప్పారైలో ప్రత్యేక జంబోరీ నిర్వహించారు.

సంస్థ నిర్మాణంలో రాష్ట్రాల సంఘాలతో పాటు రైల్వే జోన్లు, కేంద్రీయ విద్యాలయాలు, నవోదయ విద్యాలయాలకూ రాష్ట్ర స్థాయి ఉంది. అందువల్ల సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేది వేరే సంఘం. 2014 విభజన తరవాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వేర్వేరు సంఘాలు వచ్చాయి. పుష్కరాల్లో, జాతరల్లో దారి చూపే పని, మంచినీళ్లు అందించే పని, రక్తదాన శిబిరాలు, మొక్కల పెంపకం వీరి మామూలు సేవలు.

లోటుపాట్లూ ఉన్నాయి. రాష్ట్రపతి పురస్కారం పొందినవారికి రైల్వే ఉద్యోగాల్లో ప్రత్యేక కోటా ఉంది. అది ప్రోత్సాహమే. అయితే సర్టిఫికెట్టు కోసమే చేరేవాళ్లూ దానివల్లే పెరిగారు. పదో తరగతి పరీక్షల ఒత్తిడి హైక్‌లను మింగేస్తోంది. బడిలో స్కౌటింగు నిలవడం, నిలవకపోవడం చాలావరకు ఒక్క ఉపాధ్యాయుడి మీద ఆధారపడుతోంది. ఆయన బదిలీ అయితే ట్రూపు మూతపడిన సందర్భాలు ఎన్నో. అయినా మొదలుపెట్టడం కష్టం కాదు. కొత్తగా దళం పెట్టాలనుకునే పాఠశాలకు శిక్షణ పొందిన ఒక ఉపాధ్యాయుడు, కనీసం పన్నెండు మంది పిల్లలు, ఏటా పునరుద్ధరించే నమోదు ఉంటే చాలు. దరఖాస్తు జిల్లా సంఘానికి పంపాలి.