కోసియస్కో శిఖరము: మానవుని రాకపోకల చరిత్ర

ఆస్ట్రేలియా ప్రధాన భూభాగమున అన్నిటికన్న ఎత్తైనది కోసియస్కో శిఖరము. దీని ఎత్తు 2,228 మీటర్లు. హిమాలయములతో పోల్చినచో ఇది గుట్టవంటిదే. అయినను, కొండయెక్కిన మానవుడు కొండకేమి చేయునో దీని చరిత్ర చక్కగా తెలుపును.

1840లో పోలెండు దేశీయుడైన స్ట్రెజ్‌లెకీ అను అన్వేషకుడు ఈ పర్వతశ్రేణి నధిరోహించెను. స్వదేశ స్వాతంత్ర్యమునకై పోరాడిన కోసియస్కో స్మారకముగా క్రాకో నగరమున మట్టితో నిర్మించిన దిబ్బను ఈ శిఖరము పోలియుండుటచే, దీనికి ఆ వీరుని పేరే పెట్టెను.

ఆ పిదప వచ్చినవాడు క్లెమెంట్ రాగ్. స్కాట్లండులోని బెన్ నెవిస్ పర్వతమును 1881లో ప్రతిదినము ఎక్కి, వాతావరణ వివరములు సేకరించిన సాహసి యితడు. విమానములును, ఉపగ్రహములును లేని ఆ కాలమున పైగాలుల స్థితిని తెలిసికొనుటకు ఎత్తైన శిఖరమే ఆధారము. అందుచే 1897 డిసెంబరులో కోసియస్కో కొనపై పరిశీలనాలయమును నెలకొల్పెను. శిఖరముపైనను, సముద్రతీరమునను ఒకే వేళ పీడనమును, ఉష్ణోగ్రతను కొలిచి పోల్చుట దీని ఉద్దేశము. మంచుతుఫానులకు ఓర్చిన ఈ పరిశీలనాలయము ధనము చాలక 1902లో మూతబడినది.

ఇంతలో మరొక మార్పు జరుగుచుండెను. వేసవిలో పశువుల కాపరులు మందలను కొండపైకి తోలెడివారు. లేతగడ్డి మొలచుటకై నిప్పుపెట్టెడివారు. అచ్చట మొక్కలు పెరుగు కాలము మిక్కిలి స్వల్పము. గిట్టల తాకిడికి గడ్డి చెడినచో మరల మొలచుటకు ఏండ్లు పట్టును. కప్పులేని మట్టిలోని తడి రాత్రివేళ సూదులవలె గడ్డకట్టి మట్టిని పైకెత్తును. పగలు అది కరగగా, వదులైన మట్టిని గాలివానలు కొనిపోవును. నీటిని పీల్చి మెల్లగా విడుచు నాచుబురదనేలలును ఎండిపోవును. స్నోయీ నదీజలముల పథకము 1949లో ప్రారంభమయినందున, ఇది మైదానములలోని సేద్యమునకును ప్రమాదమయ్యెను.

1944లో శిఖరప్రాంతమున పశువుల మేపు నిషేధింపబడినది. 1957లో ఆస్ట్రేలియా విజ్ఞాన అకాడమీ ఈ పరీవాహక ప్రాంతముల దుస్థితిని నివేదించినది. కోతపడిన నేలపై గడ్డివిత్తులు చల్లి, ఎండుగడ్డి కప్పి, మట్టిని నిలిపిరి. 1967లో ఈ ప్రాంతము జాతీయోద్యానమయినది. కొనవరకు పోవు బాటపై యాత్రికుల మోటారుకార్లను 1970 దశకమున మాన్పించిరి.

నేడు షార్లెట్ కనుమ నుండి యాత్రికులు సుమారు 9 కిలోమీటర్లు నడిచి శిఖరము చేరుదురు. థ్రెడ్‌బో వైపు దారిలో నేలకెత్తుగా ఉక్కుజాలపు బాట కలదు. వెలుగును, వానయు జాలము గుండా క్రింది మొక్కలకు చేరును. శిఖరముపై నిలిచినవానికి కనబడు పచ్చదనము కొంత ప్రకృతి యిచ్చినది, కొంత తన పొరపాటును దిద్దుకొన్న మానవుని శ్రమఫలము.