సొరలను పోల్చుట



శామీర్‌పేట చెరువుకట్టమీదనో జవహర్‌నగర్ గుట్టల నడుమనో కూర్చుండి సముద్రపు సొరచేపల చరిత్ర వినవలసిన పని యేమి యని మీకు తోచవచ్చును. మనము చెరువులలో చూచు చేపలు కొర్రమీను, బొచ్చె, రవ్వ, వాలుగ. కొర్రమీనును చూచి వాలుగ యనువాడు మన పల్లెలలో లేడు. సొరల సంగతి అట్టిది కాదు. నాలుగైదు జాతులు ఒకే రంగుతో, ఒకే రూపుతో నుండును. జీవితమంతయు వానినే చదివిన పండితులును తడబడిరి. పూర్వము ఆ తడబాటు గ్రంథములో ఒక తప్పుపేరుగా మాత్రమే మిగిలెడిది. 2001 తరువాత అది జాలరిని న్యాయస్థానమునకు ఈడ్వగల తప్పిదమైనది. అందుచేత ఈ కథ చెప్పదగినదని నా యభిప్రాయము.

ఇంకొక మాట. సొరజాతి మనకు బొత్తిగా పరాయిది కాదు. ప్రాణహిత, గోదావరి లోయలోని కోట శిలలయందు, రాక్షసబల్లుల యెముకలు దొరికిన చోటనే, ప్రాచీనమైన సొరజాతి దంతములును దొరకినవి. కోట్ల యేండ్ల క్రిందటి మాట యది, ఇప్పటికి చాలును.

మనుష్యులు వ్రాసిన చరిత్ర విశాఖపట్టణమున మొదలగుచున్నది. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు సిరియాదేశపు అలెప్పో నగరమున చాలకాలము వైద్యము చేసి, కంపెనీ కొలువులో నున్న తమ్మునితో గూడ 1782లో ఆ పట్టణమునకు వచ్చెను. 1785లో కంపెనీవారు ఆయనను ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించిరి. మన పొలములలోని రక్తపింజరి ఇంగ్లీషువారి భాషలో నేటికిని ఆయన పేరనే చెల్లుచున్నది. ఆయన మాత్రము 1796 నాటి సర్పగ్రంథమున దానిని ‘కాటుకరేకుల పొడ’ యని తెలుగుపేరుతోనే వ్రాసెను. ఆయన వైద్యుడు, విషము గలదానిని లేనిదానిని వేఱుపఱచుటయే ఆయనకు ముఖ్యము. ఆ చూపుతోనే చేపలను కూడ చూచెను.

1789లో ఆయన ఈ దేశము విడిచెను. విశాఖలో సేకరించిన రెండువందల చేపల వర్ణనలును చిత్రములును రెండు సంపుటములుగా 1803లో లండనునందు వెలువడెను. అందలి విశేషమేమనగా, చేపలను మనవారి పేర్లతోనే పేర్కొనెను. పాలసొర, కొమసొర, సొర్రకోవ మొదలగునవి అందు గలవు. తన చెవికి వినబడినట్లు పరాయి లిపిలో వ్రాసికొనుటచే కొన్నింటి యసలు ఉచ్చారణ మనము ఊహింపవలసినదే. అయినను ఆ మాటలు వ్యర్థము కాలేదు. సొర్రకోవ యను పేరును 1829లో ఫ్రెంచి పండితుడు కువియే ఒక సొరకు శాస్త్రనామముగా నిచ్చెను. ‘వోల్గ టెంకి’ యని రస్సెల్ వ్రాసిన పళ్లెమువంటి చదునుచేపకు 1841లో జర్మనీవారు ‘వల్గ’ యనియే పేరు పెట్టిరి. మన రేవులలో పలికిన మాటలు లాటినుభాషలో కూర్చున్నవన్నమాట! పిమ్మట మద్రాసు సైన్యవైద్యుడైన ఫ్రాన్సిస్ డే 1875 మొదలు 1878 వఱకు ప్రకటించిన భారతదేశ మత్స్యగ్రంథమునందును తెలుగుపేర్లను విడువలేదు.

ఈ చేపలను ఒడ్డునుండి పట్టు తీరు చెప్పవలెను. తెప్ప యనగా దుంగలను త్రాళ్లతో కట్టినది. దానిమీదనో నావమీదనో అలివివలను అర్ధచంద్రాకారముగ నీటిలో దించివత్తురు. రెండు కొసల త్రాళ్లను రెండు గుంపులవారు ఇసుకపై నిలిచి లాగుదురు. కవళ్ల గుంపును తరుముకొనివచ్చిన సొరపిల్లలు వానితోపాటు ఒడ్డు చేరును. పెద్దసొర పడినచో వల చినుగును, ఆనాటి కూలి పోవును. గాలముతో పట్టువారు గాలమునకు పైన కొంతమేర ఇనుపతీగ కట్టుదురు. నూలుత్రాడైనచో ఆ పండ్లకు నిలువదు. ఒడ్డునకు వచ్చిన సొరను చచ్చినదని నమ్మి నోటియొద్ద చేయి పెట్టరాదని ప్రతి తండ్రియు కొడుకునకు చెప్పును.

ఇక పోల్చుట. పాలసొర మాంసము బాలింతకు పాలు పెంచునని మన తీరమున నమ్మిక. ఇంగ్లీషులో దానికి గల పేరును పాలకు సంబంధించినదే. దానితో కలిసి వలలో పడునది పారమూతి సొర. దీని మూతి పారవలె పలుచన, ప్రక్కరెక్కలు పొట్టివి. పాలసొర మూతి యంత చదునుగా నుండదు. నోటిమూలల గాడులు పొడుగుగా నుండును. ఇది తేలిక.

కష్టమంతయు నల్లకొనల సొరలతో. రెక్కల కొనలు నల్లగా నుండు జాతులు మన సముద్రమున అనేకములు. ఒకమారు విశాఖ రేవున నేను రెండింటిని చూచి, రెండును ఒకటియే గదా యంటిని. ప్రక్కనున్న ముసలి జాలరి నవ్వి, “కళ్లతో కాదు బాబూ, వేలుతో చూడాలి” అనెను. నా చేయి పట్టుకొని వీపుమీది రెండు రెక్కల నడుమ వ్రేలు నడిపించెను. ఒకదానికి సన్నని గట్టు తగిలెను. రెండవదానికి నున్నగా జారిపోయెను. గట్టు గలది శాస్త్రములో ‘సొర’ యను మాటనే పేరుగా ధరించిన జాతి. 1839లో ఆ పేరు పెట్టిరి. గట్టు లేనివానిలో మరల రెండున్నవి. వీపురెక్క మొదలు ప్రక్కరెక్కల మొదళ్లకు సరిగానున్నచో ఒకటి, బాగుగా వెనుకకు జరిగియున్నచో మఱియొకటి. ఈ రెండవది వేటాడునప్పుడు నీటినుండి బొంగరమువలె తిరుగుచు ఎగురును. పెరిగినదాని క్రిందిరెక్క కొన కూడ నల్లబడును.

కొమ్ముసొరలకు తలయే గుర్తు. తల ముందంచు నడుమ నొక్కు ఉన్నదా లేదా, అంచు వంపుగానున్నదా తిన్నగానున్నదా చూడవలెను. ఒక జాతికి తల రెండుప్రక్కల గాలిపటమువలె సాగి, దేహపు పొడవులో దాదాపు సగమునకు వచ్చును. దానిని చూచిన పసివాడును మఱవడు.

ఈ గుర్తులతో ధనమునకును సంబంధము కలిగినది. రెండవ ప్రపంచయుద్ధమున నార్వేదేశపు కాడుచేప నూనె వచ్చుట నిలిచిపోగా, మద్రాసు ప్రభుత్వమువారు కోళికోడులో సొరకాలేయపు నూనె తీయించిరి. ‘ఎ’ విటమిను అన్ని సొరలలో సమముగా నుండదు. జాతిని బట్టి చాలా తేడా. తరువాత కర్మాగారములలో ఆ విటమినునే రసాయనముతో చేయుట వచ్చి ఆ నూనెకు గిరాకి తగ్గినది. రెక్కల వర్తకము మాత్రము పెరిగినది. తూర్పుదేశములవారు వానితో పులుసు కాచుదురు.

2001లో భారతప్రభుత్వము తిమింగలసొరను, గంగాసొరను, రంపపుమూతి చేపలను కలుపుకొని పది జాతులను వన్యప్రాణి రక్షణచట్టపు మొదటి పట్టికలో చేర్చెను. 2022 నాటి సవరణతో పట్టిక పెరిగినది. తిమింగలసొరను ఎవ్వరును పొరబడరు. గంగాసొర యట్లు కాదు. అది నదీముఖములలోనికి వచ్చును, ఎద్దుసొరయు వచ్చును. రెండును లావు, రెండును మొద్దుమూతివి, చిన్నకన్నులవి. తోకమొదట పైభాగమున ఒక గుంట యుండును. ఎద్దుసొరకది అడ్డముగ నెలవంకవలె, గంగాసొరకు పొడవునకు నిలువుగ నుండును. ఒకటి పట్టికలోనిది, ఒకటి కాదు. చీకటిలో వల లాగుచున్నవాడు లాంతరు తెచ్చి తోకగుంట చూచుట యెట్లు? చట్టము చేసినవారు జాలరికి ఈ గుర్తులు తెలుగులో, బొమ్మలతో, రేవురేవున చూపవలసియుండెనని నేననుకొందును.

2013లో రెక్కలను కోసి మొండెమును సముద్రమున పారవేయరాదనియు, రెక్కలు దేహమునకు అంటియుండగనే ఒడ్డునకు తేవలెననియు ఏర్పాటు చేసిరి. 2015లో రెక్కల యెగుమతియే నిషిద్ధమైనది. కోసిన రెక్కల కుప్పలో నల్లకొనలన్నియు ఒకటిగానే కనబడును. ఆ ముసలి జాలరి నా వ్రేలికి తగిలించిన గట్టు ఉండునది రెక్కమీద కాదు, వీపుమీద.